వీడియో డిస్కులు - కొత్త ప్రమాణాల ఆవశ్యకత

వీడియో డిస్కు అనగా చలనచిత్రాన్ని బొమ్మ, శబ్దాలతో సహా నమోదు చేసి ఇంటిలోని టెలివిజన్‌పై చూచుకొనుటకు వీలుగా తయారుచేసిన ప్లాస్టిక్ బిళ్ళ. దీనిపై గల అతి సూక్ష్మమైన గుంటలను లేజర్ కిరణం చదువుతుంది. వీసీడీ, డీవీడీ, బ్లూ-రే, అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే అనునవి వీటిలో ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన ప్రధాన ప్రమాణాలు. ప్రతి కొత్త ప్రమాణం అంతకుముందు దానికన్నా మెరుగైన బొమ్మను చూపగలదు. కాని ఆ మెరుగుదల సామాన్య వినియోగదారునికి ఎంతవరకు అవసరం, అందుకు పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం దక్కుతున్నదా అనునవి మొదటి నుండి చర్చనీయాంశాలు. సికింద్రాబాదు, హైదరాబాదు జంటనగరాలలోను, మొత్తం మీద తెలుగు చలనచిత్రాల విషయంలోను ఈ చర్చకు కొన్ని ప్రత్యేకతలు కలవు. తెలుగు చిత్రాల నిడివి ఎక్కువ. పాత చిత్రాల అసలు ప్రతులు అన్నీ మంచి స్థితిలో లేవు. ఇక్కడి కొనుగోలుదారుడు ధరకు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాడు. ఈ మూడు కారణాల వలన డిస్కుపై వ్రాసి ఉన్న ప్రమాణం పేరు ఒక్కటే చూచి నాణ్యతను నిర్ణయించుట ఇక్కడ సాధ్యం కాదు.

చరిత్ర

ఇంటిలో సినిమా చూచుకొను పద్ధతి మొదట వీడియో క్యాసెట్లతో మొదలైనది. జపాను సంస్థ సోనీ 1975లో బీటామాక్స్‌ను, జేవీసీ సంస్థ 1976లో వీహెచ్ఎస్‌ను విడుదల చేసినవి. 1978లో అమెరికాలో లేజర్ డిస్కు వచ్చినది. ఇది 30 సెంటీమీటర్ల వ్యాసంతో గ్రామఫోను రికార్డు అంత పెద్దదిగా ఉండేది. మన దేశంలో ఇది వ్యాప్తి చెందలేదు. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల సందర్భంగా రంగుల టెలివిజన్ ప్రసారాలు మొదలైన తరువాత జంటనగరాలలో కూడా వీసీఆర్లు, క్యాసెట్లను అద్దెకిచ్చు వీడియో లైబ్రరీలు పెరిగినవి. క్యాసెట్టు తేమకు బూజు పట్టుట, పదేపదే ఆడించినచో టేపు అరుగుట అప్పటి ప్రధాన సమస్యలు.

1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషితా, జేవీసీ సంస్థలు కలసి వీసీడీ ప్రమాణాన్ని రూపొందించినవి. మామూలు ఆడియో సీడీ వంటి బిళ్ళపైనే సుమారు 74 నిమిషాల చిత్రాన్ని దీనిలో నమోదు చేయవచ్చును. అమెరికాలో వీసీడీ దాదాపుగా నిలదొక్కుకోలేదు. చైనా, ఆగ్నేయాసియా దేశాలు, భారతదేశంలో మాత్రం ఇది ఇంటింటికీ చేరినది. సీడీ డ్రైవు గల కంప్యూటరులో కూడా ఇది ఆడుట మరొక సౌకర్యం. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటరు విడిభాగాలకు పేరుపొందిన బజారు. డ్రైవులు, ఖాళీ డిస్కులు ఇటువంటి బజారులలో సులభంగా దొరకుట వలన డిస్కు సంస్కృతి త్వరగా వ్యాపించినది.

డీవీడీ 1996 నవంబరులో జపానులో, 1997లో అమెరికాలో విడుదలైనది. భారతదేశంలో డీవీడీ ప్లేయర్లు చాలాకాలం ఖరీదైన వస్తువులుగానే ఉన్నవి. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్ముట మొదలుపెట్టినది. అంతకుముందు అసలు డిస్కుల ధర దీనికి అనేక రెట్లు ఉండేది. దొంగ డిస్కు ధరకే అసలు డిస్కు దొరకుట వలన అద్దెకు తెచ్చుకొను అలవాటు తగ్గి, కొని దాచుకొను అలవాటు పెరిగినది. తెలుగు కుటుంబాలలో చిత్రాల సొంత సేకరణ సామాన్యులకు కూడా అందుబాటులోనికి వచ్చిన కాలం ఇదియే.

ప్రమాణాల పోలిక

లేజర్ కిరణం తరంగదైర్ఘ్యం తగ్గిన కొలది చిన్న గుంటలను చదువుటకు వీలగును. అందువలన అదే 12 సెంటీమీటర్ల బిళ్ళపై ఎక్కువ సమాచారం పడుతుంది. ముఖ్య ప్రమాణాల వివరాలు ఈ విధంగా ఉన్నవి.

* వీసీడీ (1993): లేజర్ 780 నానోమీటర్లు. బొమ్మ 352 x 288 చుక్కలు. బొమ్మకు సెకనుకు 1.15 మెగాబిట్లు, శబ్దానికి 0.224 మెగాబిట్లు. కుదింపు పద్ధతి ఎంపెగ్-1.
* డీవీడీ (1996): లేజర్ 650 నానోమీటర్లు. బొమ్మ 720 x 576 చుక్కలు. ఒక పొరకు 4.7 గిగాబైట్లు, రెండు పొరలకు 8.5 గిగాబైట్లు. బొమ్మకు సెకనుకు గరిష్ఠంగా 9.8 మెగాబిట్లు. కుదింపు పద్ధతి ఎంపెగ్-2.
* బ్లూ-రే (2006): లేజర్ 405 నానోమీటర్లు. బొమ్మ 1920 x 1080 చుక్కలు. ఒక పొరకు 25, రెండు పొరలకు 50 గిగాబైట్లు. బొమ్మకు సెకనుకు గరిష్ఠంగా 40 మెగాబిట్లు.
* అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే (2016): బొమ్మ 3840 x 2160 చుక్కలు. 66, 100 గిగాబైట్ల డిస్కులు. సెకనుకు 128 మెగాబిట్లు చదువుటకు వీలు. వెలుగునీడల వ్యత్యాసాన్ని ఎక్కువగా చూపు హెచ్‌డీఆర్ సదుపాయం దీని ప్రత్యేకత.

పైన ఇచ్చిన డీవీడీ, వీసీడీ చుక్కల సంఖ్యలు మన దేశంలో వాడిన పాల్ పద్ధతికి చెందినవి. అమెరికా, జపానులలోని ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో వరుసల సంఖ్య దీనికన్నా తక్కువ.

బ్లూ-రేతో పాటు 2006లోనే తోషిబా సంస్థ హెచ్‌డీ డీవీడీ అను మరొక ప్రమాణాన్ని తెచ్చినది. ఒకదానికి చెందిన డిస్కు రెండవదానిలో ఆడదు. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ సంస్థ బ్లూ-రే వైపు మొగ్గినది. అదే సంవత్సరం ఫిబ్రవరి 19న తోషిబా తన ప్రమాణాన్ని విరమించుకొనుచున్నట్లు ప్రకటించినది. అప్పటికే హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లు కొన్నవారికి రెండు సంవత్సరాలు తిరగకుండానే కొత్త చిత్రాలు రాకుండా పోయినవి. కొత్త ప్రమాణాన్ని మొదటనే కొనుటలో గల నష్టభయానికి దీనిని ఉదాహరణగా చెప్పుదురు.

కంటికి కనిపించు తేడా

చుక్కల సంఖ్య పెరిగినంత మాత్రాన కంటికి తేడా కనిపించవలెనని లేదు. సాధారణమైన చూపు గల కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం కలిగించు వివరాన్ని మాత్రమే వేరుచేసి చూడగలదని దృష్టిశాస్త్రం చెప్పుచున్నది. దీనిని బట్టి టెలివిజన్ ఎత్తును వరుసల సంఖ్యతో భాగించి, ఎంత దూరం దాటిన తరువాత వరుసలు కంటికి కలసిపోవునో లెక్కకట్టవచ్చును.

ఒకప్పటి 21 అంగుళాల పెట్టె టెలివిజన్ తెర ఎత్తు సుమారు 32 సెంటీమీటర్లు. దానిపై వీసీడీలోని 288 వరుసలు సుమారు 3.8 మీటర్ల దూరం నుండి, డీవీడీలోని 576 వరుసలు సుమారు 1.9 మీటర్ల నుండి కలసిపోతాయి. ఇంటి హాలులో రెండు మూడు మీటర్ల దూరంలో కూర్చొని చూచువారికి డీవీడీ ఇచ్చిన వివరమంతయు కన్ను పట్టగలిగినంత ఉన్నది. వీసీడీ అంతకు కొంచెం తక్కువ. 1990ల చివరి భాగంలోను, 2000లలోను లక్షల కుటుంబాలు వీసీడీతో తృప్తిపడుటకు చౌకదనం ఒక్కటే కారణం కాదని, ఆనాటి తెర పరిమాణం కూడా కారణమని దీనివలన తెలియుచున్నది.

తరువాత వచ్చిన 32 అంగుళాల వెడల్పు తెరపై డీవీడీ వరుసలు 2.4 మీటర్ల వద్ద, బ్లూ-రే వరుసలు 1.3 మీటర్ల వద్ద కలసిపోతాయి. కనుక 32 అంగుళాల టెలివిజన్‌ను మూడు మీటర్ల దూరం నుండి చూచు ఇంటిలో వరుసల లెక్కన బ్లూ-రే వలన లాభం స్వల్పం. అదే 55 అంగుళాల తెర అయినచో డీవీడీకి 4.1 మీటర్లు, బ్లూ-రేకు 2.2 మీటర్లు, అల్ట్రా హెచ్‌డీకి 1.1 మీటర్లు అవుతుంది. ఇక్కడ మూడు మీటర్ల దూరంలో డీవీడీకి, బ్లూ-రేకు మధ్య తేడా స్పష్టంగా తెలుస్తుంది. బ్లూ-రేకు, అల్ట్రా హెచ్‌డీకి మధ్య చుక్కల వలన వచ్చు తేడా మాత్రం ఆ దూరంలో దాదాపు కనిపించదు. హెచ్‌డీఆర్ వలన వచ్చు వెలుగు, రంగుల తేడా దూరంపై ఆధారపడదు కావున అది కనిపించవచ్చును. ప్రొజెక్టరు అమర్చుకొని గోడంత తెరపై చూచువారికి మాత్రం పై ప్రమాణాలన్నిటి వలన ప్రయోజనం కలదు.

నిడివి సమస్య

తెలుగు చిత్రాల విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం నిడివి. మాయాబజార్ (1957) చిత్రం నిడివి 184 నిమిషాలు. ఇది వీసీడీలలో మూడు బిళ్ళలు అవుతుంది. డీవీడీలో ఒకే బిళ్ళపై పట్టును. అయితే ఎట్లా పట్టినదను విషయంలోనే నాణ్యత ఉన్నది. రెండు పొరల డీవీడీపై ఈ చిత్రాన్ని నమోదు చేసినచో బొమ్మ, శబ్దాలకు కలిపి సెకనుకు సుమారు 6.2 మెగాబిట్లు లభిస్తాయి. ఒక పొర డీవీడీపై 3.4 మెగాబిట్లు మాత్రమే లభిస్తాయి. నూరు నిమిషాల ఆంగ్ల చిత్రానికి అదే ఒక పొర డీవీడీపై సుమారు 6.3 మెగాబిట్లు దొరుకుతాయి. అనగా ఒకే రకం బిళ్ళపై తెలుగు చిత్రానికి దక్కు సమాచారం సగం మాత్రమే.

మార్కెట్టులో ఒకే డీవీడీపై రెండు మూడు చిత్రాలను చేర్చి అమ్ముట కూడా వాడుకలోనికి వచ్చినది. 150 నిమిషాల చిత్రాలు మూడింటిని ఒక పొర డీవీడీపై చేర్చినచో ఒక్కొక్క చిత్రానికి సెకనుకు సుమారు 1.4 మెగాబిట్లు మాత్రమే మిగులుతాయి. వీసీడీలో బొమ్మ, శబ్దాలకు కలిపి లభించునది కూడా సుమారు ఇంతే. కొనుగోలుదారుడు డీవీడీ అను పేరు చూచి కొన్నను, అతనికి చేరిన సమాచారం వీసీడీకి సమానం. వేగంగా కదలు దృశ్యాలలోను, చీకటి దృశ్యాలలోను బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోవుట దీని ఫలితం. ఇటువంటి డిస్కు చూచి డీవీడీ బాగుండదు, బ్లూ-రే కావలెను అని అనుకొన్నవారికి నిజమునకు కావలసినది కొత్త ప్రమాణం కాదు. ఉన్న ప్రమాణాన్ని పూర్తిగా వాడుకొని తయారుచేసిన డిస్కు.

మూలప్రతి నాణ్యత

డిస్కు ఎంత గొప్పదైనను దానిలో పోసిన చిత్రం కన్నా గొప్పగా ఉండజాలదు. 35 మిల్లీమీటర్ల ఫిలిం నెగటివ్‌లో హెచ్‌డీ ప్రమాణానికి మించిన వివరం ఉంటుంది. కాని పలు పాత చిత్రాల డిస్కులు నెగటివ్ నుండి కాక, థియేటర్లలో ఆడి గీతలు పడిన ప్రింట్ల నుండి గాని, టెలివిజన్ కొరకు తయారుచేసిన టేపుల నుండి గాని తీసినవి. అటువంటి మూలాన్ని బ్లూ-రేలో పెట్టినను గీతలే మరింత స్పష్టంగా కనబడును.

ఈ విషయంలో సికింద్రాబాదుకు చెందిన ఒక ఉదాహరణ కలదు. ఇక్కడ కార్యాలయం గల గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ మాయాబజార్ చిత్రానికి రంగులద్ది, శబ్దాన్ని కొత్త పద్ధతిలో మార్చి 2010 జనవరి 30న థియేటర్లలో విడుదల చేసినది. ఏబది సంవత్సరాలు దాటిన చిత్రాన్ని ఫ్రేము ఫ్రేముగా శుభ్రపరచి చూపవచ్చునని తెలుగు ప్రేక్షకులు దీని వలన తెలుసుకొనిరి. అయితే ఈ రంగుల ప్రతిలో అసలు చిత్రంలోని కొన్ని పాటలు, పద్యాలు తొలగించబడినవి. మెరుగైన బొమ్మ గల ప్రతిలో చిత్రం తగ్గినది. తక్కువ నాణ్యత గల పాత డిస్కులో చిత్రం పూర్తిగా ఉన్నది. నాణ్యత అనునది చుక్కల సంఖ్యతోనే ముగియదని ఈ ఉదాహరణ తెలుపుచున్నది.

మగధీర (2009) మొదలైన కొన్ని తెలుగు చిత్రాలు బ్లూ-రేలో కూడా విడుదలైనవి. అయినను తెలుగులో బ్లూ-రే డీవీడీ వలె వ్యాప్తి చెందలేదు. 4కె అను మాటను తెలుగు ప్రేక్షకులు ఎక్కువగా విన్నది డిస్కుల ద్వారా కాదు, థియేటర్ల ద్వారా. 2022లో పోకిరి, జల్సా చిత్రాలను 4కె ప్రతులుగా మరల విడుదల చేసినప్పుడు అభిమానులు థియేటర్లకు తరలివచ్చిరి.

డిస్కుల తగ్గుదల

2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియో భారతదేశంలో ప్రవేశించినవి. అదే సంవత్సరం సెప్టెంబరులో జియో సేవలు మొదలై ఇంటర్నెట్ ఖర్చు బాగా తగ్గినది. 2020లో తెలుగు చిత్రాల కొరకు ఆహా ప్రారంభమైనది. వీసీడీ, డీవీడీల వ్యాపారంలో ఉన్న వోల్గా వీడియో, శ్రీ బాలాజీ వీడియో వంటి సంస్థలు తమ చిత్రాలను యూట్యూబ్‌లో ఉంచినవి. డిస్కుల ధరను తగ్గించిన మోజర్ బేర్ సంస్థను మూసివేసి ఆస్తులు అమ్మవలసినదిగా 2018లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశించినది.

ఇతర దేశాలలో కూడా ఇదే ధోరణి కనిపించినది. 2019లో శాంసంగ్ అమెరికా మార్కెట్టుకు కొత్త బ్లూ-రే ప్లేయర్లు తెచ్చుట ఆపివేసినది. 2023 సెప్టెంబరు 29న నెట్‌ఫ్లిక్స్ తపాలా ద్వారా డిస్కులు పంపు సేవను ముగించినది. 2025 ఫిబ్రవరిలో సోనీ ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీని నిలిపివేసినది.

ఇంటర్నెట్ ప్రసారం సౌకర్యంలో డిస్కును మించినది. నాణ్యతలో మాత్రం ఒకే పేరు గల ప్రమాణం రెండు చోట్ల ఒకటి కాదు. అల్ట్రా హెచ్‌డీ ప్రసారానికి సెకనుకు 15 మెగాబిట్ల వేగం ఉండవలెనని నెట్‌ఫ్లిక్స్ సూచించుచున్నది. అల్ట్రా హెచ్‌డీ డిస్కు నుండి దీనికి అనేక రెట్ల సమాచారం చదువవచ్చును. డీవీడీలోని మూడు చిత్రాల సమస్య వేరొక రూపంలో ఇక్కడ కూడా ఉన్నదని చెప్పవచ్చును.

సొంత ప్రతి ప్రాధాన్యం

డిస్కు కొన్నవాడు ఒక ప్రతికి యజమాని. ప్లేయరు పనిచేసినంతకాలం దానిని ఎవరి అనుమతి లేకుండా చూచుకొనవచ్చును, పిల్లలకు ఇవ్వవచ్చును. చందా కట్టినవాడు చూచుకొను హక్కును మాత్రమే కొనుచున్నాడు. ఒప్పందం గడువు ముగిసినచో చిత్రం ఆ సేవ నుండి తొలగిపోవును. 2022 మే నెలలో ఆర్ఆర్ఆర్ చిత్రం తెలుగు ప్రతి జీ5లోను, హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్స్‌లోను వచ్చినవి. ఒకే చిత్రాన్ని రెండు భాషలలో చూడగోరువారికి రెండు చందాలు అవసరమైనవి. డీవీడీలో అయితే పలు భాషల శబ్దాలను ఒకే బిళ్ళపై ఇచ్చుటకు 1996 నుండియే సదుపాయం కలదు.

అయితే డిస్కులు శాశ్వతమని అనుకొనుట కూడా సరికాదు. కర్మాగారంలో అచ్చొత్తిన డిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే ఏర్పడి ఉంటాయి. ఇంటిలోగాని, దుకాణంలోగాని నమోదు చేసిన డిస్కులో రంగు పొర మాత్రమే మారుతుంది. ఎండ, వేడి, తేమల వలన ఈ రంగు పొర త్వరగా పాడగును. పెండ్లి వీడియోలు, కుటుంబ వేడుకలు ఎక్కువగా ఇటువంటి డిస్కులలోనే ఉన్నందున వాటిని వేరొక చోటికి నకలు చేసి ఉంచుకొనుట అవసరం.

కొనుగోలుదారులు గమనించవలసిన అంశాలు

* డిస్కుపై ఎన్ని చిత్రాలు ఉన్నవి, మొత్తం నిడివి ఎంత అనునవి చూడవలెను. ఒక చిత్రం గల డిస్కు సాధారణంగా మేలు.
* డీవీడీ-9 అని ఉన్నచో రెండు పొరలు, డీవీడీ-5 అని ఉన్నచో ఒక పొర.
* అడుగుభాగం ఊదా రంగులో ఉన్న డీవీడీ అచ్చొత్తినది కాక నమోదు చేసినదై ఉండవచ్చును.
* భారతదేశం డీవీడీలలో 5వ ప్రాంతానికి, బ్లూ-రేలలో సి ప్రాంతానికి చెందును. విదేశాల నుండి తెప్పించిన డిస్కులు ఇక్కడి ప్లేయరులో ఆడకపోవచ్చును.
* టెలివిజన్ పరిమాణం, కూర్చొను దూరం లెక్కించిన తరువాతనే కొత్త ప్రమాణానికి ఖర్చు పెట్టుట మంచిది.

చలనచిత్రాల పరిరక్షణ

ఇంటిలోని ప్రేక్షకునికి అవసరమైన నాణ్యత వేరు, చిత్రాన్ని భావితరాలకు భద్రపరచుటకు అవసరమైన నాణ్యత వేరు. మొదటిదానికి చక్కగా తయారుచేసిన డీవీడీ, పెద్ద తెర ఉన్నచో బ్లూ-రే, చాలా ఇండ్లకు సరిపోవును. రెండవదానికి నెగటివ్ నుండి సాధ్యమైనంత ఎక్కువ వివరంతో ప్రతి తీయుట తప్పనిసరి. ఎందుకనగా నెగటివ్ చెడిపోయిన తరువాత తీసిన ప్రతిలో పోయిన వివరం ఏ కొత్త ప్రమాణంతోను తిరిగిరాదు. 1964లో పూనాలో స్థాపించిన జాతీయ చలనచిత్ర భాండాగారం ఈ పని కొరకు ఏర్పడినది. ఇది 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైనది.

1932లో విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ఇప్పుడు చూచుటకు లభ్యం కాదు. దానికి వీసీడీ స్థాయి ప్రతి ఒక్కటి మిగిలి ఉన్నను తెలుగువారు సంతోషించి ఉండెడివారు. పలు పాత చిత్రాలకు ఇండ్లలోని బీరువాలలో ఉన్న వీసీడీలు, డీవీడీలు సులభంగా చూడదగిన పూర్తి ప్రతులుగా ఉన్నవి. కావున కొత్త ప్రమాణం వచ్చినదని పాత డిస్కులను పారవేయుటకు ముందు, అందులోని చిత్రం మరొక చోట పూర్తి నిడివితో లభించుచున్నదా అని చూచుకొనవలెను.